కండ ఎవరికి, తలకాయ ఎవరికి

హనుమకొండ,
1983 నవంబరు

సారలా,

నా చేతులు చేపల వాసన కొడుతున్నాయంటే నువ్వు నమ్మవు. కాశిబుగ్గలో మీ చిన్నమ్మ ఇంటి నుంచి నువ్వు బడికి తెచ్చుకునే డబ్బా మూత తీస్తే చాలు, ముక్కు మూసుకుని వరండాలోకి పరుగెత్తిన విజయలక్ష్మినే ఈ మాట రాస్తున్నాను. నవ్వుకో, నీకు ఆ హక్కుంది.

యూనివర్సిటీలో జంతుశాస్త్రం ఎం.ఫిల్.లో చేరానని పోయినసారి రాశాను కదా. మా గైడు నాకొక పని అప్పగించారు. చెరువు చేపల్లో సీసంలాంటి లోహాలు ఎంత ఉన్నాయో, వాటిని తినేవాళ్ళకు చేటు ఉందో లేదో తేల్చాలి. ఊరి మురుగు, వర్క్‌షాపుల నీళ్ళు కలిసే చెరువులు ఇక్కడే రెండు దొరికాయి. చేపలు కోసి, ఆరబెట్టి, ఆసిడ్‌లో కరిగించి సీసాల్లో పోస్తాను. లెక్క తేల్చే యంత్రం హైదరాబాద్‌లో ఉంది. సీసాలు అక్కడికి పోతాయి.

ఇంట్లో అమ్మ నన్ను ముందు గుమ్మంలోంచి రానివ్వడం లేదు. దొడ్డిదారిన వచ్చి, బావి దగ్గర తలస్నానం చేస్తేనే వంటింటి గడప. నాన్న మాత్రం కిరాణా కొట్లో కూర్చుని వచ్చిన ప్రతివాళ్ళకూ "మా బిడ్డ డాక్టరు సదువు సదువుతాంది" అని చెప్తున్నాడట. ఏం డాక్టరో ఎవరూ అడగడం లేదు, ఆయనా చెప్పడం లేదు.

ఇక అసలు సంగతి. ఆ మురికి చెరువులతో పోల్చి చూడడానికి ఒక శుభ్రమైన చెరువు కావాలన్నారు గైడు. నేను ఆలోచించకుండా గుండ్లకుంట పెద్దచెరువు పేరు చెప్పాను. చుట్టూ వరి పొలాలు, పైన అడవి, మా సారల అత్తగారి ఊరు, ఆ నీళ్ళు అద్దంలా ఉంటాయని గొప్పలు పోయాను. మీ సంఘం వాళ్ళు పట్టిన చేపలు కొన్ని నర్సంపేట బస్సు కండక్టరుకు ఇచ్చి పంపుతావా? నేను బస్టాండులో తీసుకుంటాను.

నీ విజయ

*

గుండ్లకుంట,
1983 డిసెంబరు

షావుకారి బిడ్డకు,

నీ ఉత్తరం చదివి మా అత్త మొగిలమ్మకు వినిపించాను. ఆమె నవ్వి నవ్వి వల పక్కన పడేసింది. "తిననోళ్ళు చేపను కోసి ఏం జూస్తరు బిడ్డా, పెండ్లికి పోయి పందిరి లెక్కబెట్టినట్టు" అంది. అయినా నీ మాట కాదనలేదు. తడి గోనెలో చుట్టి, ఐసు పెట్టి, రెండు కొర్రమట్టలూ ఒక బొచ్చె చేపా కండక్టరుకిచ్చి పంపించింది. ఆ బస్సులో కూర్చున్నవాళ్ళ తిట్లన్నీ నీకే తగలాలి.

నీకొక మాట చెప్పాలి. నాకు నెల తప్పింది. మూడో నెల. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నిలిచింది కదా, మా అత్త నన్ను కాలు కింద పెట్టనివ్వడం లేదు. మా ఆయన ఎల్లస్వామికి కూడా దసరా నుంచి ఊరి దగ్గరే కూలి దొరికింది. చేపల పని లేని రోజుల్లో అక్కడికి పోతున్నాడు. ఆ పని గురించి ఎప్పుడైనా తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు చెప్పుకోవలసినంత ఏం లేదు.

నువ్వు వచ్చి నన్ను చూసి పో. మా ఇంట్లో ముక్కు మూసుకోకూడదు, అదొక్కటే షరతు.

సారల

*

హనుమకొండ,
1984 జనవరి

సారలా,

మూడో నెల అని అంత చల్లగా రాస్తావా? నేను ఉత్తరం పట్టుకుని లాబ్‌లో గంతులేస్తే అటెండరు భయపడ్డాడు. అమ్మ నీకోసం నువ్వుల ఉండలు చేస్తోంది.

ఇంకో మంచి కబురు. హైదరాబాద్ నుంచి లెక్కలు వచ్చాయి. మీ చెరువు చేపల్లో సీసం భయపడేంత లేదు. గైడు నా భుజం తట్టి, చెరువును బాగా ఎంచుకున్నావన్నారు. చర్మం ఒలిచి, ముల్లు తీసి, వెన్ను పక్కనున్న తెల్లటి కండ మాత్రం కోసి పరీక్షకు పంపాను. పుస్తకంలో అలాగే ఉంది. పనస తొనలు ఒలిచినంత జాగ్రత్తగా ఒలిచానే తల్లీ.

కాబట్టి నువ్వు నిక్షేపంగా తిను. కడుపుతో ఉన్నవాళ్ళకు చేప చాలా మంచిదని పుస్తకాలన్నీ ఘోషిస్తున్నాయి. మీ సంఘం వాళ్ళకు కూడా చెప్పు. గుండ్లకుంట చేప బంగారమని యూనివర్సిటీ వాళ్ళే తేల్చారని చెప్పి అమ్ముకోమను.

నీ విజయ

*

గుండ్లకుంట,
1984 మార్చి

విజయా,

నీ ఉత్తరాన్ని సంఘం అధ్యక్షుడు రాయమల్లు మామ నర్సంపేట అంగడిలో నలుగురికీ చదివి వినిపించాడు. ఆ వారం మా చేపలు పొద్దెక్కకముందే అయిపోయాయి. నీ పేరు చెప్పి ఊళ్ళో నా విలువ కూడా పెరిగింది.

మా అత్తయితే ఇంకా రెచ్చిపోయింది. "సదువుకున్న పిల్లనే చెప్పింది, తిను" అని పూటపూటా పెడుతోంది. అయితే నువ్వు రాసిన తెల్లటి కండ మాకెక్కడిదే పిచ్చిదానా? కండ ఉన్న చేప అంగడికి పోతుంది. కొర్రమట్టల్లో అన్నిటికంటే పెద్దదాని తలకాయ రాజేశ్వర్ రావు దొర ఇంటికి పోతుంది, అది తాతల నాటి మామూలు. మిగిలిన తలకాయలు, కాలేజాలు, గుడ్లు మావి. అమ్ముడుపోని పరకలు మావి. వేలెడంత ఉంటాయి, బూడిదలో రుద్ది కడిగి, చింతపండు పులుసు పోస్తే ముల్లు కూడా మెత్తగా ఉడుకుతుంది. ముల్లుతో సహా నమలడమే. తలకాయ తింటే పుట్టే బిడ్డకు తెలివి వస్తుందని మా అత్త నమ్మకం. ఆ లెక్కన నా బిడ్డ నీకే పాఠాలు చెప్తుంది.

మా అత్తకు మాత్రం ఒంట్లో బాగుండడం లేదు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి అంటుంది. మొన్న గంటె పట్టుకుంటే మణికట్టు వాలిపోయింది. ఎండలు ముదిరాయి కదా, వేడి చేసిందని మజ్జిగ తాగిస్తున్నాను. నాకూ నీరసంగానే ఉంది, ఆరో నెల కదా.

సారల

*

(పోస్టుకార్డు)
హనుమకొండ, 1984 మార్చి

సారలా,

తలకాయలు, కాలేజాలు, పరకలు తినడం ఈ రోజే ఆపెయ్. మీ అత్తమ్మను కూడా ఆపు. సీసం చేరితే ముందు ఎముకల్లో, కాలేజంలో చేరుతుంది. నేను పరీక్ష చేసింది కండను, మీరు తినేది కండ కాదు. ఆమె నొప్పి వేడి వల్ల కాకపోవచ్చు. చెరువులోకి కొత్తగా ఏమైనా కలుస్తోందా? తలకాయలు, పరకలు వెంటనే పంపు. కవరు కోసం ఆగలేక కార్డు రాస్తున్నాను.

విజయ

*

గుండ్లకుంట,
1984 మార్చి

విజయలక్ష్మికి,

కవరు కొనడానికి నీకు చేతులు రాలేదా? మా ఊళ్ళో కార్డు అంటే దండోరా. పోస్టుమాన్ యాకయ్య ముందు తాను చదువుకుంటాడు, తర్వాత చౌరస్తా హోటల్లో చదివి వినిపిస్తాడు, ఆ తర్వాతే మా గడపకు తెస్తాడు. కార్డు నా చేతికి వచ్చేసరికి గుండ్లకుంట చెరువులో ఇసం కలిసిందన్న మాట నర్సంపేట దాకా పోయింది. మొన్నటి అంగడిలో మా గంపల దగ్గర ఆగినవాళ్ళు లేరు. చేపలు ఎండలో కుళ్ళిపోతే గుంత తీసి పూడ్చారు.

ఎండాకాలం పట్టే చేపే మా ఏడాది తిండి. చెరువు కౌలు అప్పు చేసి కట్టుకున్నారు. నువ్వేమో జనవరిలో తినమంటావు, మార్చిలో తినవద్దంటావు. నీ లాబ్‌లో సీసా మారిస్తే మా పొయ్యిలో నిప్పు ఆరిపోతుంది. రాయమల్లు మామ నా మొహం చూడడం లేదు.

చెరువులోకి ఏమీ కలవడం లేదు. తలకాయలు పంపను. నువ్వు ఇంక ఉత్తరాలు రాయకు.

సారలమ్మ

*

హనుమకొండ,
1984 ఏప్రిల్

సారలా,

రాయవద్దన్నావు. రిజిస్టరు పోస్టులో, కవరు అంటించి, లక్క కూడా వేసి రాస్తున్నాను. తిట్టడానికైనా చివరిదాకా చదువు.

కార్డు రాయడం నా బుద్ధితక్కువ. ఏ చేప ఎవరు తింటారో అడగకుండానే కోయడం దానికంటే పెద్ద బుద్ధితక్కువ. పుట్టి బుద్ధెరిగి చేప తిననిదాన్ని, చేప తినడమంటే కండ తినడమే అనుకున్నాను. నా మాట నమ్మి మీ అత్తమ్మ నీకు వడ్డించిన ప్రతి ముద్దా నా నిద్రలోకి వస్తోంది.

నువ్వు పంపనన్నావు కాబట్టి నేనే రావాలనుకున్నాను. మా నాన్న అడ్డుపడ్డాడు. మిరపకాయలు కొనడానికి ఎలాగూ వారం వారం నర్సంపేటకు పోతాడు కదా, ఈసారి కొట్లోని ఖాళీ నూనె డబ్బా తీసుకుని మీ అంగడికే వెళ్ళాడు. నేను ఆశ్చర్యపోయి చూస్తే ఒక్కటే అన్నాడు: "చేపను ముట్ట బిడ్డా, డబ్బను ముడుత." ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. వచ్చాక అమ్మ ఆయనను కూడా బావి దగ్గరికే పంపింది. ఆ రోజు మా ఇంట్లో తలస్నానాలు రెండు.

ఇప్పుడు లెక్కలు విను. గైడు మనిషినిచ్చి హైదరాబాద్ పంపి తెప్పించారు. కండలో సీసం కొద్దిగానే ఉంది, జనవరిలో వచ్చినంతే. కొర్రమట్ట తలలోని ఎముకలో, మొప్పల్లో, కాలేజంలో చాలా ఉంది. ముల్లుతో సహా నూరిన పరకల్లో ఇంకా ఎక్కువ. ఇక్కడి మురికి చెరువులు కూడా మీ చెరువు ముందు నయం. చింతపండు పులుపుకు ముల్లులోని సీసం పులుసులోకి దిగుతుందని కూడా గైడు అంటున్నారు. అది రక్తంలో చేరితే కడుపు నొప్పి, నీరసం, మణికట్టు పడిపోవడం ఉంటాయి. తల్లి నుంచి బిడ్డకు కూడా పోతుంది. అందుకే నాకు ఇంత భయం.

ఇందులో ధైర్యం చెప్పే మాట కూడా ఉంది. తినడం ఆపితే, ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి దాన్ని ఆపితే, ఒంట్లో సీసం మెల్లగా తగ్గుతుంది. చెరువు కూడా తేరుకుంటుంది. కండ అమ్ముకోవడానికి అడ్డు లేదని గైడు సంతకం పెట్టి కాగితం ఇచ్చారు, ఇందులోనే పెట్టాను, రాయమల్లు గారికి ఇవ్వు. అడవి నీళ్ళలో సీసం దానంతటది పుట్టదు సారలా. ఎక్కడి నుంచి వస్తోందో నీకు తెలిసే ఉంటుందని నా అనుమానం.

నీ విజయ

*

గుండ్లకుంట,
1984 ఏప్రిల్ చివర

విజయా,

నర్సంపేట అంగడిలో ఒక షావుకారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, బేరం కూడా ఆడకుండా, నూనె డబ్బాలో తలకాయలు పరకలు పోయించుకుపోయాడని మా అత్త ఆ రోజే వింతగా చెప్పింది. ఆయనకు అమ్మింది ఆమే. మీ నాన్న అని నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. అది చదివి నేను ఏడ్చాను. నా మీద కోపంతో కాదు, నీ మీద కోపంతో కాదు, ఆ మనిషి ఒళ్ళో డబ్బా పెట్టుకుని కూర్చున్నది తలుచుకుని ఏడ్చాను.

నేను దాచింది చెప్తున్నాను. పెద్దచెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ మొదట్లో రాజేశ్వర్ రావు దొర భూమి ఉంది. పోయిన వానాకాలం అక్కడ రేకుల షెడ్డు వేయించాడు. హైదరాబాద్ నుంచి పాత లారీ బాటరీలు వస్తాయి. వాటిని పగలగొట్టి, సీసం కరిగించి, ముద్దలు పోసి పంపుతారు. కడిగిన నీళ్ళు కాలువలోకి పోతాయి. ఎల్లస్వామికి దొరికిన కూలి అక్కడే. ఇంటికి వస్తే అంగీ దులిపితే బూడిద రాలేది, ఆ అంగీలు ఉతికింది మా అత్త. నువ్వు అడిగినప్పుడే నాకు షెడ్డు గుర్తుకొచ్చింది. కూలి పోతుందనీ, దొరతో తగవు వస్తుందనీ ఏమీ లేదని రాశాను. నా బిడ్డ మీద ఒట్టేసి చెప్తున్నా, దాని దాకా వస్తుందని అనుకోలేదు.

నీ కాగితం తీసుకుని సంఘం కూటానికి నేనే పోయాను. ఏడో నెల కడుపుతో నిలబడి చదివాను. రాయమల్లు మామ అంతా విని, దొరతో పెట్టుకుంటే చెరువు గట్టు ఎక్కనివ్వడు, కండకు భయం లేదన్నారు కదా, అమ్ముకుని ఊరుకుందామన్నాడు. సగం మంది తలలూపారు. అప్పుడు మా అత్త లేచింది. పడిపోయే చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఇన్నేండ్లు కండ ఊరోళ్ళకు అమ్మినం, తలకాయలు మనం తిన్నం. మంచిదనే తిన్నం. ఇయ్యాల మంచిది అంగడికి, ఇసం ఇంటికా? నా కోడలు కడుపుల ఉన్నది ఎవలకు అమ్మాలె?"

ఎల్లస్వామి లేచి, రేపటి నుంచి షెడ్డుకు పోనన్నాడు. అతని వెనక షెడ్డులో పనిచేసే మిగతావాళ్ళు కూడా.

ఇక దొర సంగతి. దరఖాస్తు రాసి సమితి ఆఫీసులో ఇద్దామని మావాళ్ళు అనుకుంటుండగానే మా అత్త తన దారిన తాను పోయింది. మర్నాడు పడిన పెద్ద కొర్రమట్ట తలకాయను ఎప్పటిలాగే గిన్నెలో పెట్టి, ఆకు కప్పి, దొర ఇంటికి పట్టుకుపోయింది. దొరసాని చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టి, "దొరసానీ, మామూలు తెచ్చిన. కాని షెడ్డు సీసం తలకాయలనే ఎక్కువ ఉన్నదని పట్నం మిషిను చెప్పిందట. అన్నిట్ల పెద్ద తలకాయ మీకే గద వచ్చేది. తినాల్నో వద్దో ఇగ మీరే చూసుకోండ్రి" అని చెప్పి వచ్చేసింది.

సంక్రాంతి నుంచి ఆ ఇంట్లో మనవలు ఉంటున్నారు. ఆ పులుసు తిన్నది వాళ్ళే. ముందు దొర మండిపడ్డాడట, చేపలోళ్ళు నాకు చెప్పేటోళ్ళయిన్రా అని. దొరసాని వంట మానేసి కూర్చుందట. సాయంత్రానికి షెడ్డులో పొగ ఆగింది. ఆ తర్వాత వారంలో రేకులు విప్పారు, మిగిలిన బాటరీలు వచ్చిన లారీలోనే హైదరాబాద్‌కు తిరిగి పోయాయి. దరఖాస్తు మాత్రం ఇచ్చాం, మళ్ళీ తేకుండా.

ఇప్పుడు నాకు భయం వేస్తోంది విజయా. నేను తిన్నది తిన్నాను. రక్తం ఎక్కడ చూపించాలో చెప్పు, వస్తాను.

సారల

*

హనుమకొండ,
1984 మే

సారలా,

నువ్వు బస్సు దిగుతుంటే నేను గుర్తుపట్టలేదు, నీ కడుపును ముందు చూసి తర్వాత మొహం చూశాను. మా అమ్మ నిన్ను ముందు గుమ్మంలోంచే తీసుకుపోయింది, నన్ను మాత్రం ఇప్పటికీ దొడ్డిదారినే.

మీరు ముగ్గురూ దవాఖానలో ఇచ్చిన రక్తం లెక్కలు వచ్చాయి. ఎల్లస్వామి అన్నయ్యది ఎక్కువ, తర్వాత మీ అత్తమ్మది. నీది ఉండవలసినదానికంటే కొంచెం ఎక్కువే, కాని మందులు వాడేంత కాదని దవాఖానలో పెద్ద డాక్టరమ్మ చెప్పింది. అబద్ధం చెప్పి ఊరడించను. బిడ్డను పుట్టాక కూడా చూపిస్తూ ఉండాలంది. కాని సమయానికి ఆపారని, అది చాలా పెద్ద విషయమని నాలుగుసార్లు అంది. పాలు, రాగిజావ, ఆకుకూరలు తీసుకో. షెడ్డుకు వేసుకుపోయిన అంగీలు ఉతకవద్దు, పాతిపెట్టండి. కాలువలో షెడ్డు కిందనున్న నల్లమట్టిని గైడు చెప్పినట్టు డ్రమ్ముల్లోకి ఎత్తించండి, వట్టి చేతులతో ముట్టవద్దు. ఈ ఎండాకాలం చెరువు అడుగు పడింది కదా, ఇంతకంటే మంచి అదను దొరకదు.

నేను నా పనిని మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఏ చెరువుకు పోయినా ముందు ఇళ్ళలోకి పోయి పొయ్యి దగ్గర కూర్చుంటాను. ఏం తింటారు, ఎవరు తింటారు, ముల్లు ఉమ్ముతారా నములుతారా అని అడుగుతాను. నా గైడు మొదట నవ్వారు. ఇప్పుడు మిగతా విద్యార్థులను కూడా అలాగే పంపుతున్నారు.

నీ విజయ

*

గుండ్లకుంట,
1985 ఫిబ్రవరి

షావుకారి బిడ్డకు,

నీ మేనకోడలికి పళ్ళు వస్తున్నాయి. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. నువ్వు పంపిన ఎర్ర గౌనును కూడా సగం నమిలింది. డాక్టరమ్మకు మళ్ళీ చూపించాం. రక్తంలో సీసం భయపడేంత లేదని, బరువు బాగా పెరిగిందని, ఇంక ఏడాదికొకసారి తెస్తే చాలని చెప్పింది. ఆ మాట విని ఎల్లస్వామి దవాఖాన మెట్ల మీదే కూర్చుండిపోయాడు. అతని లెక్క కూడా సగానికి దిగింది.

నల్లమట్టి ఎత్తడానికి ఊరంతా వచ్చింది, రాయమల్లు మామ అందరికంటే ముందు దిగాడు. తర్వాత మంచి వాన పడి చెరువు అలుగు పోసింది. సంఘం వాళ్ళు కొత్త పిల్లలను వదిలారు. నువ్వు పోయిన నెల చేసిన పరీక్షలో పరకల్లో సీసం బాగా తగ్గిందని, ఇంకో వాన చూసి తినవచ్చో లేదో చెప్తానని రాశావు. ఆగుతాం. ఈసారి కార్డు మీద రాసినా పరవాలేదు, యాకయ్య చదువుకోనీ. తగ్గిందన్న కబురు కూడా అతనే హోటల్లో చదివాడు, ఆ వారం గంపలు ఖాళీ అయ్యాయి.

మా అత్త కడుపునొప్పి పోయింది. చెయ్యి ఇంకా పూర్తిగా లేవదు కాని గంటె పట్టుకుంటోంది. ఇంట్లో ఆమె ఒక కొత్త కట్టడి పెట్టింది. వలలో పడిన మొదటి కొర్రమట్ట అంగడికి పోదు. దాన్ని ఇంట్లోనే కోస్తుంది, ముల్లు తీసి వెన్ను కండ నాకు పెడుతుంది. పాలిచ్చే తల్లి తిన్నాకే ఊరు తినాలట. ఇన్నేళ్ళు చేపలు పట్టే ఇంట్లో ఉండి, ఆ కండ రుచి నాకు ఇప్పుడే తెలిసింది. మెత్తగా, తియ్యగా, వెన్నలా ఉంటుందే. నువ్వు పనస తొన అని ఎందుకు రాశావో అర్థమైంది.

పొద్దుటి బస్సు కండక్టరుకు మీ నాన్న నూనె డబ్బా ఇచ్చి పంపిస్తున్నాను, కడిగి, ఐసు వేసి. అందులో తలకాయలు ఉన్నాయి, అవి నీ మిషినుకు. కండ కోసం వెతకకు, మేం తిన్నాం.

సారల